‘బయో’ గుండ్లు మూడు నెలల్లో మట్టిలో కలిసిపోతాయా? నల్లగొండ చెల్కలో ఎయిర్‌సాఫ్ట్ ఆడనిచ్చే ముందు

మీరు అడిగింది ఇది. నల్లగొండ పక్కన మీకు నాలుగెకరాల బత్తాయి తోట ఉంది. అందులో చెట్లు ఎండిపోయి తీసేసిన ఎకరం బీడుగా పడి ఉంది. హైదరాబాద్ నుంచి ఇరవై మంది యువకులు ఆదివారాలు అక్కడ ఎయిర్‌సాఫ్ట్ ఆడుకుంటామని అడుగుతున్నారు. బొమ్మ తుపాకులతో చిన్న ప్లాస్టిక్ గుండ్లు కాల్చుకుంటూ ఆడే యుద్ధపు ఆట అది. వాడేవి ‘బయో’ గుండ్లనీ, మూడు నెలల్లో మట్టిలో కలిసిపోతాయనీ చెప్తున్నారు. పల్లంలో కుంట ఉంది, పక్కోళ్ల మేకలు మేస్తాయి, ఇంటి నాటు కోళ్లు తిరుగుతాయి. వాళ్ల మాట నమ్మొచ్చా, ఒప్పుకుంటే ఏం జాగ్రత్తలు పడాలి అని.

మూడు నెలల మాట నమ్మకండి. మన చెల్క నేలలో ఆ గుండు ఏళ్ల తరబడి గుండుగానే ఉంటుందన్న లెక్కతోనే ఏర్పాట్లు చేసుకోండి. ఆట వద్దని నేను అనను. గుండు నేలకు చేరకముందే ఎక్కువ భాగం పట్టుకోవాలి, నేల మీద పడ్డది అదే రోజు ఏరాలి. ఈ రెండూ చేస్తామని వాళ్లు ఒప్పుకుంటేనే భూమి ఇవ్వండి. ‘బయో’ అన్న మాట ఏరకుండా వదిలేయడానికి సాకు కాకూడదు.

ముందు ఎంత పడుతుందో లెక్క చూడండి. ఒక్కో గుండు 6 మిల్లీమీటర్లు, కచ్చితంగా చెప్పాలంటే 5.95. మామూలుగా వాడేది 0.20 గ్రాముల బరువు, అంటే కిలోకు 5,000 గుండ్లు. బ్యాటరీ తుపాకీతో ఆడే మనిషి రోజుకు 1,500 కాల్చాడనుకుందాం. ఇరవై మందికి 30,000 గుండ్లు, ఆరు కిలోలు. ఏడాదిలో ముప్పై ఆదివారాలు ఆడితే తొమ్మిది లక్షల గుండ్లు, 180 కిలోలు. ఎకరమంతా సమానంగా పరిస్తే చదరపు మీటరుకు 220కి పైనే. నిజానికి సమానంగా పడవు. దాక్కునే అడ్డుల చుట్టూ, గురి చూసుకునే చోట, జెండా పెట్టే చోట కుప్పలుగా పడతాయి, మిగతా చోట పలచగా ఉంటాయి. ఏరే పని చేతనయ్యేది కూడా అందుకే.

ఇప్పుడు గుండులో ఏముందో చూద్దాం. అమ్మేవాళ్లు చాలామంది చెప్పని సంగతి ఇక్కడే ఉంది. 5.95 మి.మీ. గుండు పరిమాణం 0.11 ఘన సెంటీమీటరు. ‘బయో’ గుండ్లు ఎక్కువగా పీఎల్‌ఏతో చేస్తారు. మొక్కజొన్న పిండి, చెరుకు చక్కెరల నుంచి లాక్టిక్ ఆమ్లం తీసి, దాన్ని గొలుసులా కలిపి చేసే ప్లాస్టిక్ అది. దాని సాంద్రత 1.24 (నీళ్లది 1). ఒట్టి పీఎల్‌ఏతో చేస్తే గుండు 0.137 గ్రాములే తూగుతుంది. అది 0.20 తూగాలంటే లోపల రాతిపొడి కలపాల్సిందే. కాల్షియం కార్బొనేట్, అంటే సున్నపురాయి పొడి కలిపితే బరువులో దాదాపు 58 శాతం ఆ పొడే. బేరియం సల్ఫేట్ కలిపితే 44 శాతం. 0.28 గ్రాముల గుండుకు సున్నపురాయి చాలదు, బేరియం సల్ఫేట్ లాంటి బరువైన పొడి కావాలి, అప్పుడు 70 శాతం దాకా పొడే ఉంటుంది. మామూలు గుండ్లలో ఏబీఎస్ ప్లాస్టిక్ ఉంటుంది. దాని సాంద్రత 1.05 కాబట్టి లెక్క కొంచెం మారుతుంది గానీ సంగతి అదే.

ఈ రాతిపొడికి మీరు భయపడాల్సింది లేదు. సున్నపురాయి మన జిల్లాకు కొత్త కాదు, వాడపల్లి వైపు సిమెంటు ఫ్యాక్టరీలు నడిచేది దాని మీదే. బేరియం సల్ఫేట్ నీళ్లలో కరగదు. పేగుల ఎక్స్‌రే తీయడానికి ఆస్పత్రుల్లో తాగించేది అదే. పీఎల్‌ఏ నిజంగా కుళ్లితే వచ్చే లాక్టిక్ ఆమ్లం పెరుగులో ఉండేదే. అందుకే నేను విషం గురించి మాట్లాడటం లేదు. గుండు ఎంతకాలం ఉంటుంది, ఉన్నంతకాలం ఎవరి నోట్లోకి పోతుంది అన్నదే మన ప్రశ్న. పైన చెప్పిన 180 కిలోల్లో ప్లాస్టిక్ 75 నుంచి 100 కిలోల మధ్య ఉంటుంది.

పీఎల్‌ఏ రెండు అంచెల్లో విరుగుతుంది. మొదట నీళ్లు లోపలికి ఇంకి ఆ పొడవాటి గొలుసులను కోస్తాయి. దీనికి సూక్ష్మజీవులు అక్కర్లేదు, తడి, వేడి చాలు. గొలుసులు బాగా పొట్టిగా అయ్యాకే సూక్ష్మజీవులు వాటిని తినగలవు. మొదటి అంచె ఎంత వేగంగా నడుస్తుందన్నది వేడి మీద ఆధారపడుతుంది. పీఎల్‌ఏ 55–60 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. ఆ వేడికి పైన, తడిగా ఉంటే వారాల్లో తెగుతుంది. దానికి కింద గాజులా గట్టిగా ఉండి, నీళ్లు తగిలినా చాలా మెల్లగా తెగుతుంది. పాకెట్ మీద రాసే గడువులు చాలావరకు పెద్ద కంపోస్టు కేంద్రాల్లో 58 డిగ్రీల వేడి, ఎడతెగని తడి ఉన్నప్పుడు వచ్చే గడువులు.

రోహిణి కార్తెలో మన బీడు నేల పైపొర మధ్యాహ్నం 60 డిగ్రీలు తాకుతుంది కదా, అదే చాలదా అని ఎవరికైనా అనిపిస్తుంది. మంచి ప్రశ్నే. కానీ అప్పుడు నేలలో తడి చుక్క ఉండదు. పైగా ఆ వేడి పైన ఒక వేలు మందం వరకే, అదీ రోజుకు కొన్ని గంటలే. మృగశిరలో వాన పడి తడి వచ్చేసరికి నేల 30 డిగ్రీలకు దిగిపోతుంది. వేడి ఉన్నప్పుడు తడి లేదు, తడి ఉన్నప్పుడు వేడి లేదు. పీఎల్‌ఏకు రెండూ ఒకేసారి, నెలల తరబడి కావాలి. మన దగ్గర అలా దొరికేది బాగా పేర్చిన పెంటకుప్ప నడుమ ఒక్కచోటే.

దీన్ని ఇంకో తీరుగా కూడా సరిచూసుకోవచ్చు. మోకాలి లిగమెంటు ఆపరేషన్లలో ఇదే జాతి ప్లాస్టిక్‌తో చేసిన, కరిగిపోయే మరలు వాడతారు. మనిషి ఒంట్లో ఎప్పుడూ 37 డిగ్రీలు, ఎప్పుడూ తడి. అక్కడ కూడా గట్టి రకం పీఎల్‌ఏ మర పూర్తిగా మాయమవడానికి రెండు నుంచి ఐదేళ్లు పడుతుంది. ఏడాదిలో ఎనిమిది నెలలు ఎండి ఉండే చెల్కలో మూడు నెలలకు పోతుందనడం ఎలా కుదురుతుంది?

ఇక ముద్రల సంగతి. ‘బయో’, ‘ఎకో’ అని ఆకుపచ్చ ఆకు బొమ్మ వేస్తే దానికి విలువ లేదు. ఏ పరీక్ష నెగ్గిందో రాసి ఉండాలి. యూరప్ ప్రమాణం ఈఎన్ 13432 అని ఉంటే పారిశ్రామిక కంపోస్టులో ఆరు నెలల్లో 90 శాతం కుళ్లుతుందని అర్థం. ఆ ప్రమాణమే కనీసం సగం సేంద్రియ పదార్థం ఉండాలని కూడా అంటుంది. సున్నపురాయి పొడితో బరువు పెంచిన పీఎల్‌ఏ గుండు పై లెక్క ప్రకారం ఆ గీత కూడా దాటదు. మీకు పనికొచ్చేది ‘సాయిల్’ అని ఉండే ముద్ర. అది నేలలో 20–25 డిగ్రీల దగ్గర రెండేళ్లలో 90 శాతం కుళ్లాలని అడుగుతుంది. ఒట్టి పీఎల్‌ఏ దానికి నిలవదు. సూక్ష్మజీవులు తమ ఒంట్లో తయారుచేసే పీహెచ్‌ఏ రకం నిలవగలదు. మన దేశంలో కంపోస్టబుల్ అని అమ్మే ప్లాస్టిక్‌కు 2016 ప్లాస్టిక్ వ్యర్థాల నియమాల కింద కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ధ్రువపత్రం ఉండాలి. ఆడేవాళ్లను ఆ పత్రం అడగండి, మొహమాటపడకండి.

‘ఆక్సో’ అన్న మాట కనిపిస్తే మాత్రం ఆ సంచి గేటు దాటనివ్వకండి. అది మామూలు ప్లాస్టిక్కే. ఎండకు పొడిపొడిగా విరగడానికి అందులో లోహపు ఉప్పులు కలుపుతారు. కంటికి కనిపించే గుండు కనిపించని ముక్కలవుతుంది, అంతే. యూరప్ 2021 జులై నుంచి ఆక్సో ప్లాస్టిక్ వస్తువుల అమ్మకాన్ని ఆపేసింది.

ఏబీఎస్ గుండు కథ వేరు. నేలలోని సూక్ష్మజీవులు దాన్ని చెప్పుకోదగ్గంతగా తినలేవు. పైన ఎండకు ఉన్నది ముందు పచ్చబడి, తర్వాత పెళుసై, పైపొర పొడిలా రాలుతుంది. అలా రాలినదే మైక్రోప్లాస్టిక్, అంటే 5 మి.మీ. లోపు ముక్క. మట్టి కిందికి పోయినదానికి ఎండ తగలదు కాబట్టి అది ఏ మార్పూ లేకుండా ఉండిపోతుంది. జాతర అంగళ్లలో పిల్లలు కొనే తుపాకుల పసుపు గుండ్లు కూడా ఏబీఎస్, పాలిస్టైరీన్ లాంటి మామూలు ప్లాస్టిక్కే, 0.12 గ్రాములవి. వాటి పాకెట్ మీద ఏ రాతా ఉండదు. మీ ఇంటి పిల్లల దగ్గర ఉంటే వాటినీ ఇదే లెక్కలో చూడండి.

తెచ్చింది ఏ రకమో ఇంట్లోనే చాలావరకు తేల్చుకోవచ్చు. ఉప్పునీళ్లలో వేసి తేలితే ఒకటి, మునిగితే ఒకటి అని కొందరు చెప్తారు. అది పనికిరాదు. 0.20 గుండు దేనితో చేసినా సాంద్రత 1.8 కాబట్టి మునుగుతుంది. 0.12 గుండు దేనితో చేసినా చిక్కటి ఉప్పునీళ్లలో తేలుతుంది. అది బరువు చెప్తుంది గానీ పదార్థం చెప్పదు. బదులు ఇలా చేయండి. పెయింట్ల షాపులో అసిటోన్ కొనండి. గోళ్ల రంగు తుడిచే ద్రావణాల్లో ఇప్పుడు చాలావాటిలో అసిటోన్ ఉండదు, సీసా మీద చూసుకోండి. స్టీలు గిన్నెలో 20 మిల్లీలీటర్లు పోసి ఐదు గుండ్లు వేసి మూత పెట్టి గంట ఉంచండి. ప్లాస్టిక్ కప్పు వాడితే కప్పే కరగొచ్చు. ఆరుబయట చేయండి, దగ్గర్లో పొయ్యి, బీడీ ఉండొద్దు. ఏబీఎస్, పాలిస్టైరీన్ అయితే జిగటగా మారి పుల్లకు తీగలా సాగుతుంది, అడుగున తెల్ల పొడి దిగుతుంది. పీఎల్‌ఏ కొంచెం ఉబ్బితే ఉబ్బవచ్చు గానీ అలా బంకగా కరిగిపోదు.

రెండో పరీక్ష వేడినీళ్లది. నీళ్లు మరిగించి దించి ఐదు నిమిషాలు ఆగండి. గుండ్లు వేసి ఇంకో ఐదు నిమిషాలు ఉంచి, గరిటెతో తీసిన వెంటనే కటింగ్ ప్లేయర్‌తో నొక్కండి. పీఎల్‌ఏ మెత్తగా అణుగుతుంది. ఏబీఎస్ మెత్తబడాలంటే నూరు డిగ్రీలు దాటాలి కాబట్టి గట్టిగానే ఉంటుంది. ఫ్యాక్టరీలో వేడి మీద ఆరబెట్టి గట్టిపరిచిన పీఎల్‌ఏ కొన్నిసార్లు అణగదు. అందుకే రెండు పరీక్షలూ కలిపి చూడాలి. అసిటోన్‌లో బంక అయిందంటే మాత్రం ఇక వాదన అక్కర్లేదు, అది ‘బయో’ కాదు.

జీవాల సంగతి చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. తెల్ల గుండు నాటు కోడి కంటికి జొన్న గింజ, పసుపుది మక్క గింజ. కోళ్లు, కౌజు పిట్టలు, నెమళ్లు గింజలతో పాటు అరుగుదలకు చిన్న రాళ్లు కూడా ఏరుకుని మింగుతాయి. గుండు కందనకాయలో ఆ రాళ్ల మధ్య పడి నూరుడవుతుంది. అక్కడ ప్లాస్టిక్ పొడి ఎలా పుడుతుందో మీరే ఊహించుకోవచ్చు. మేకలు, గొర్లు కావాలని తినవు. నేల మీద రాలిన ఆకు, కాయ నోటితో ఊడ్చినప్పుడు లోపలికి పోతుంది. బరువైన వస్తువులు తేనెపట్టులా ఉండే రెండో పొట్టలోకి దిగి అక్కడ నిలుస్తాయి. ఒకటి రెండు పోతే ఏమీ కాకపోవచ్చు. కానీ చదరపు మీటరుకు రెండు వందలున్న చోట ఏడాది పొడుగునా మేస్తే ఒకటి రెండుతో ఆగదు. అందుకే ఆట ఉన్న రోజు, ఏరివేత పూర్తయ్యేదాకా, కోళ్లను గంపల కింద మూయండి, మేకల కాపరికి ముందే చెప్పి ఆ ఎకరం చుట్టూ కంప వేయండి.

కుంటలో పడ్డ గుండు తేలదు. 0.12 గుండు కూడా మంచినీళ్ల కంటే బరువే, మెల్లగా అడుక్కు పోతుంది. తేలితే గాలికి ఒడ్డుకు వచ్చేది, ఏరేవాళ్లం. అడుగున బురదలో చల్లగా, గాలి ఆడని చోట పీఎల్‌ఏ విరగడం కూడా చాలా మెల్లగానే సాగుతుంది. వాన నీటితో పాటు ఇసుక రేణువుల్లాగే దొర్లుకుంటూ కుంటలోకి వస్తాయి కాబట్టి దారి పైనే ఆపాలి. ఆట స్థలానికి పల్లం వైపు గెట్టు వెంట అడుగు లోతు, అడుగు వెడల్పు కందకం తీయండి. నేల వాలుకు అడ్డంగా తీయాలి, వాలు వెంట తీస్తే అదే కాల్వై గుండ్లను నేరుగా కుంటకు మోస్తుంది. కందకం చివర నీళ్లు పొర్లే చోట రెండు కొయ్యలకు షేడ్ నెట్ బిగించండి. ప్రతి పెద్ద వాన తర్వాత ఒండ్రు తీసి జల్లెడ పట్టండి. ఇంకా మంచిది, వానాకాలం మొత్తం ఆట ఆపేయడం. తడి ఎర్రమట్టిలో గుండు తొక్కుడుకు లోపలికి దిగిపోతుంది, జల్లెడ పట్టబోతే మట్టి కళ్లు మూసేస్తుంది. దీపావళి దాటాక మొదలుపెట్టి మార్చి చివరికి ముగిస్తే నేల పొడిగా ఉంటుంది, ఏరడం సులువు.

గుండు పట్టుకునే పద్ధతుల్లో షేడ్ నెట్టే అన్నింటికంటే పనికొస్తుంది. కాల్పులు ఎక్కువ తగిలే అడ్డుల వెనక, గురి చూసుకునే చోట బోర్డుల వెనక రెండు వరసలు వేలాడదీయండి. బిగించి కట్టారో గుండు వెనక్కి ఎగిరి నేల మీదే పడుతుంది. పది అడుగుల చోటుకు పదమూడు అడుగుల నెట్ తీసుకుని వదులుగా, తెర మడతల్లా వదలాలి. 0.20 గుండు సెకనుకు వంద మీటర్ల వేగంతో వచ్చినా దాని శక్తి ఒక్క జౌలే, వదులు నెట్ దాన్ని మింగేసి కిందికి జార్చేస్తుంది. కింది అంచును ముందుకు మడిచి ఒడిలా కుట్టండి. లేదంటే నాలుగంగుళాల పీవీసీ పైపును నిలువునా చీల్చి దోనెలా పెట్టి, ఒకవైపు రెండంగుళాలు వాల్చి చివర బకెట్ ఉంచండి. ఎండకు ఓర్చే రకం నెట్ అడగండి. రెండో మూడో ఎండాకాలాలు దాటాక వేలితో గట్టిగా లాగి చూడండి, దారాలు తెగుతుంటే మార్చేయండి. పాత నెట్ పొడిపొడిగా రాలితే ఒక ప్లాస్టిక్ ఆపబోయి ఇంకో ప్లాస్టిక్ చల్లినట్టవుతుంది.

నేల మీద బరకాలు పరచడం కూడా మంచిదే, కానీ ఎక్కడన్నది ముఖ్యం. మనుషులు ఉరికే దారిలో పరిస్తే గుండ్ల మీద కాలు జారి చేయి విరుగుతుంది. అడ్డుల వెనక, ఎవరూ పరుగెత్తని చోట, నెట్ కింద మాత్రమే పరచాలి. అంచుల కింద వెదురు బద్దలు పెట్టి నాలుగు వేళ్లు ఎత్తు లేపితే గుండ్లు బయటికి దొర్లవు. పరిచే ముందు గడ్డి కోయించండి. గడ్డిలో పడ్డ గుండు దొరకదు.

బరకం మీద పడనివాటికి జల్లెడ. ముందు చీపురుతో పైమట్టి ఒక అంగుళం లోపే ఊడ్చి కుప్ప చేయండి. 8 మి.మీ. కళ్ల జల్లెడతో పెద్ద రాళ్లు తీసేయండి, తర్వాత 5 మి.మీ. జల్లెడతో మట్టి దించేయండి. ఇసుక పట్టే జల్లెడ వాడబోతే ముందు ఒక గుండు వేసి చూడండి, అది కిందికి దిగకూడదు. జల్లెడలో గుండ్లు, అదే సైజు మొరం రాళ్లు మిగులుతాయి. రెండూ బరువే కాబట్టి నీళ్లలో వేసినా, చాటతో చెరిగినా పూర్తిగా వేరుపడవు. ఆరడుగుల జింకు రేకు తీసుకుని ఒకవైపు అడుగు ఎత్తు లేపి, పై అంచున కొద్దికొద్దిగా పోయండి. గుండ్లు గుండ్రం కాబట్టి సూటిగా దొర్లి కింద బేసిన్‌లో పడతాయి, కోణాలున్న రాళ్లు రేకు మీదే ఆగుతాయి. రేకును తట్టొద్దు, తడితే రాళ్లు కూడా జారతాయి. గుండ్రటి మొరం గుళ్లు కొన్ని దొర్లి వస్తాయి, వాటిని చేత్తో ఏరాలి.

ఏరివేత పూర్తి కాకముందు ఆ ఎకరంలో రోటవేటర్ తిప్పించకండి. ఒక్కసారి తిరిగితే గుండ్లు జానెడు లోతుకు కలిసిపోతాయి, ఇక ఏ జల్లెడా అందుకోలేదు. గెట్ల మీద ఎండు గడ్డి తగలబెట్టడం కూడా వద్దు. గుండ్లు కరిగి రాళ్లకు అంటుకుంటాయి, ఏబీఎస్ కాలితే వచ్చే పొగలో సైనైడ్ వాయువు ఉంటుంది. ఏరినవాటిని చలిమంటలో వేయడం కూడా ఇదే కారణానికి ప్రమాదం.

ఎంత దొరికింది, ఎంత పోయింది అన్నది ఊహతో తేల్చకండి, తూకంతో తేల్చండి. బయటి గుండ్లు రానివ్వకుండా మీరే తూచి ఇవ్వండి. మనిషికి రోజుకు 500 చాలు. మూడు వందల గుండ్లు పట్టే పెద్ద మ్యాగజైన్లు (తుపాకీకి తగిలించే గుండ్ల డబ్బాలు) లేకుండా, ఒక్కో నొక్కుకు ఒక్క గుండు వెళ్లేలా ఆడితే ఆట కూడా బాగుంటుంది. ఇరవై మందికి అప్పుడు రెండు కిలోలే. సాయంత్రం మిగిలింది, ఏరింది కడిగి ఆరబెట్టి తూచండి, పుస్తకంలో రాయండి. తేడా ఎంతో అదే మీ నేలలో ఉండిపోయింది. ఆ తేడా మీద కిలోకు ఇంత అని ముందే బయానా పట్టుకుంటే ఏరడానికి అందరి చేతులూ వంగుతాయి. రంగు విషయంలో తెల్లవే ఒప్పుకోండి. ఎర్ర చెల్క మీద దూరానికి కనిపిస్తాయి. మట్టి రంగు, ఆకుపచ్చ గుండ్లు పడితే దొరకవు.

ఏరినవి మళ్లీ కాల్చడానికి పనికిరావు. తుపాకీ గొట్టం లోపలి వెడల్పు 6.03 నుంచి 6.08 మి.మీ. దాకా ఉంటుంది, గుండుకూ గొట్టానికీ మధ్య వెంట్రుకంత సందే. ఇసుక రేణువు అంటుకున్నా, గీత పడ్డా గొట్టం గీసుకుపోతుంది. ఇక్కడే పీఎల్‌ఏ గుండ్ల నిల్వ గురించి కూడా ఆడేవాళ్లకు చెప్పండి. ఎండాకాలం మూసిన కారులో వదిలేస్తే మెత్తబడి సొట్టలు పడతాయి. వానాకాలం సంచి విప్పి పెడితే తేమ పట్టి, నెలల తర్వాత గొట్టంలోనే పగిలి ఇరుక్కుంటాయి. సిలికా జెల్ పొట్లంతో గాలి చొరని డబ్బాలో పెట్టాలి. పాడైన సంచిని ‘ఎలాగూ బయోయే కదా’ అని పొలంలో పారబోయడం చాలామంది చేసే తప్పు.

పీఎల్‌ఏ అని పరీక్షలో తేలినవాటిని పెంటకుప్పలో వేయొచ్చు, కానీ కుప్ప నిజంగా వేడెక్కాలి. మీటరున్నర ఎత్తు, అంతే వెడల్పు, పచ్చి పేడ ఒక పాలు, ఎండు చొప్ప రెండు పాళ్లు, పిడికిట పిండితే ఒకటి రెండు చుక్కలు రాలేంత తడి. నడుమ ఇనుప చువ్వ గుచ్చి పది నిమిషాల తర్వాత తీసి పట్టుకుంటే చేయి నిలవకూడదు. ఆ వేడి వారం పది రోజులకు తగ్గుతుంది. అప్పుడల్లా తిరగేసి, తడిపి, కొత్త పేడ కలపాలి. పలచటి పీఎల్‌ఏ కవరు కంటే నిండు గుండుకు ఎక్కువ కాలం పడుతుంది, నెలల పని అది. గుండ్లను వలసంచిలో కట్టి నడుమ పెడితే చివర్లో ఏం మిగిలిందో తెలుస్తుంది, మిగిలింది మళ్లీ కొత్త కుప్పలోకి పోతుంది. వర్మీ కంపోస్టు తొట్టిలో మాత్రం వేయకండి. 35 డిగ్రీలు దాటితే వానపాములు బతకవు, 35 దగ్గర పీఎల్‌ఏ కదలదు.

ఏబీఎస్‌వి, ఏ రకమో తేలనివి రెండు లీటర్ల నీళ్ల సీసాల్లో నింపి బిగించండి. ఒక్కో సీసాలో దాదాపు 11,000 గుండ్లు, రెండు కిలోలకు పైన పడతాయి. గ్రామ పంచాయతీ ట్రాక్టర్‌కు పొడి చెత్తలో ఇవ్వండి, విడిగా చిల్లర గుండ్లుగా ఇస్తే డంపింగ్ యార్డు నుంచి మళ్లీ వాననీటికే చేరతాయి.

మధ్యలో వాళ్లు నీళ్లలో ఉబ్బే జెల్ గుండ్ల తుపాకులు తెస్తామంటే, అవి ఎండి ముడుచుకుపోయినంత మాత్రాన కుళ్లినట్టు కాదు. వాన పడితే మళ్లీ ఉబ్బుతాయి. పైగా చిన్నపిల్లలు మింగితే పేగులో ఉబ్బి అడ్డుపడతాయి. తోటలో పిల్లలు తిరుగుతుంటే వాటికి ఒప్పుకోకండి. సీసపు పెల్లెట్లు వేసే ఎయిర్‌గన్ అసలే వద్దు, సీసం పక్షులకు, జీవాలకు నేరుగా విషం.

ఇంత చెప్పినా వాళ్లు మా గుండ్లు కలిసిపోతాయనే అంటే, మీ నేలలోనే పరీక్ష పెట్టండి. వాళ్ల సంచి నుంచి వంద గుండ్లు లెక్కపెట్టి, బంగారం షాపు తక్కెడ మీద సెంటీగ్రాము దాకా తూచి రాసుకోండి. 0.20వి అయితే 20 గ్రాముల దగ్గర ఉండాలి. నైలాన్ దోమతెర గుడ్డతో సంచి కుట్టి అందులో వేయండి. నూలు గుడ్డ అయితే చెదలు తినేస్తాయి. ఇలాంటివి తొమ్మిది సంచులు చేసి బీడులో మూడు, బత్తాయి పాదులో డ్రిప్పు కింద మూడు, కుంట ఒడ్డు బురదలో మూడు, జానెడు లోతున పాతి, రాయి గుర్తు పెట్టండి. పదో సంచి ఇంట్లో డబ్బాలో పోలికకు ఉంచండి. మూడు నెలలకు, ఆరు నెలలకు, ఏడాదికి ఒక్కో చోట ఒక్కో సంచి తీయండి. కడిగి, నీడలో రెండు రోజులు ఆరబెట్టాకే తూచాలి. మట్టి అంటి ఉన్నా, తడి ఉన్నా బరువు పెరిగినట్టు చూపిస్తుంది. బరువు ఒక్కటే చూసి తేల్చకండి. పీఎల్‌ఏ ముందు బలం కోల్పోతుంది, బరువు చాలా తర్వాత తగ్గుతుంది. నిండు గుండులో లోపలి భాగం పైపొర కంటే ముందే తెగుతుంది కూడా. కాబట్టి ప్రతిసారీ పది గుండ్లు ప్లేయర్‌తో నొక్కి, ఇంట్లో ఉంచినవాటితో పోల్చి, ఎన్ని పగిలాయో రాయండి. పాదులో పెట్టినవి ఏడాదంతా తడిగా ఉంటాయి కాబట్టి మార్పు ముందు అక్కడే కనబడాలి. మొదటి సంచులు మూడు నెలలకు తీసేటప్పుడు ఆడేవాళ్లను కూడా పిలిచి వాళ్ల చేతులతోనే తీయించండి, తక్కెడ వాళ్ల ముందే పెట్టండి.